పట్టుబడని గుండెదడ

శామీర్‌పేట చెరువు క్రింద నాలుగెకరముల పొలము గల రైతు నొకనిని ఊహించుకొందము. వయస్సు 40 ఏండ్లు. బీడీ త్రాగడు, ఒంటిలో చెప్పుకోదగిన రోగము లేదు. ఒకనాటి సాయంకాలము మోటారు ఆపి గట్టుమీద కూర్చున్నంతలో గుండె పరుగెత్త నారంభించినది. మెల్లమెల్లగా పెరిగినది కాదు. మీట నొక్కినట్లు మొదలైనది. మెడలో నరము టపటప కొట్టుకొనుచున్నది; నుదుట చెమట; కాళ్ళలో వణుకు. ఇంటివారు అతనిని ఆటోలో కూర్చుండబెట్టి పట్నము దారి పట్టిరి. తూముకుంట దాటిరి, హకీంపేట దాటిరి. అల్వాలు చేరుసరికి, ఎట్లు మొదలైనదో అట్లే, మీట నొక్కినట్లు ఆ దడ ఆగిపోయినది.

పెద్ద ఆసుపత్రిలో ఇ. సి. జి. తీసిరి. అందులో దోషమేమియు లేదు. రక్తము పరీక్షించిరి, అదియు బాగున్నది. "భయపడినట్లున్నావు, గ్యాసు కావచ్చును, పోయి నిద్రపొమ్ము" అని పంపివేసిరి. నాలుగు మాసములకు మరల వచ్చినది, మరల దారిలోనే పోయినది. మూడవమారు ఊరివారే నవ్విరి. ఇంటి ఇల్లాలు దిష్టి తీసినది, పెద్దలొకరు తాయెత్తు కట్టించిరి. అతడు మాత్రము, "సారూ, గుండె గుర్రం లెక్క ఉరుకుతున్నది, నేను అబద్ధం చెప్తలేను" అని అడిగినవారికెల్ల చెప్పుకొనుచున్నాడు.

అతడు చెప్పినది నిజమే. ఇ. సి. జి. చెప్పినదియు నిజమే. గుండె లయకు సంబంధించిన వ్యాధులలోని చిక్కంతయు ఈ రెండు నిజముల నడుమనే యున్నది. కాలు విరిగినవాని ఎముక ఆసుపత్రికి పోవువరకును విరిగియే యుండును. జ్వరము వచ్చినవాని ఒంటి వేడి వైద్యుని చేతికి తగులును. లయ తప్పిన గుండె మాత్రము, పంతులుగారు వచ్చునంతలో అల్లరి మాని పలక పట్టుకొని కూర్చున్న పిల్లవానివలె, ఆసుపత్రి గుమ్మములో సద్దుమణిగిపోవును. ఈ ఉపన్యాసములో నేను ముఖ్యముగా చెప్పదలచినది దీనిని పట్టుకొనుటను గురించియే. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములవంటి చోట్లనుండి పట్నపు పెద్దాసుపత్రులకు 25, 30 కిలోమీటర్ల దూరము. ఆ దూరమే ఈ దొంగకు చాలినంత వ్యవధి.

మొదట లయ యనగా నేమో చూతము. హృదయమునకు నాలుగు గదులు. పైవి రెండు కర్ణికలు, క్రిందివి రెండు జఠరికలు. కుడి కర్ణిక పైభాగమున, పెద్ద సిర వచ్చి కలియుచోట, కొన్ని కణముల గుంపున్నది. దానిని 1907లో ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ అను వారిరువురు గుర్తించిరి. అది ఎవరి ఆజ్ఞకును ఎదురు చూడక నిమిషమునకు 60 మొదలు 100 మార్ల వరకు సన్నని విద్యుత్ ప్రేరణను పుట్టించుచుండును. ఆ ప్రేరణ పై గదులంతట వ్యాపించి, పై గదులకును క్రింది గదులకును సరిహద్దున నున్న మరియొక గుంపు కడకు వచ్చి, అచట సెకనులో పదియవ వంతు కాలము ఆగును. 1906లో జపాను దేశీయుడగు తవారా వర్ణించిన గుంపు ఇది. ఈ ఆగుట లోపము కాదు. పై గదులలోని నెత్తురు క్రిందికి దిగుటకు ఆపాటి వ్యవధి కావలెను. తెలంగాణపు చెరువులకు తూముకడ నీరటి యుండెడివాడు. ఎగువనుండి ఎంత నీరు వచ్చినను, ఎంత విడువవలెనో అతడు చూచుకొనెడివాడు. గుండెలో ఈ రెండవ గుంపు నీరటి వంటిది. దానిని దాటిన తరువాత ప్రేరణ సన్నని తంతువుల వెంట క్షణములో క్రింది గదులకు ప్రాకును. అవి ముడుచుకొని నెత్తురును ఒడలంతటికిని తోయును. నిమిషమునకు 72 మార్ల లెక్కను ఒక దినములో ఇట్లు 1,03,680 మార్లు జరుగును.

ఇంతటి పనిలో అప్పుడప్పుడొక దెబ్బ ముందుగా పడుట, దాని తరువాత ఒక చిన్న విరామము వచ్చుట సహజమే. "గుండె ఒక దెబ్బ తప్పినది" అని బెంగపెట్టుకొనువారు చాలమంది యున్నారు. గుండె కండరము ఆరోగ్యముగా నున్నవారికి దీనివలన సాధారణముగా ప్రమాదము లేదు. కాఫీ, నిద్రలేమి, దిగులు దీనిని పెంచును. ఒకసారి వైద్యునికి చూపించుకొని, ఆయన పరవాలేదనిన తరువాత దానిని లెక్కపెట్టుకొనుచు కూర్చుండరాదు. లెక్కించినకొలది అది హెచ్చినట్లు తోచును.

అసలు వ్యాధులు వేరు. మొదటి గుంపు అలసిపోయి నను, నీరటి మార్గము మూసుకొని నను, గుండె నిదానించును. పుట్టుకతోనే అదనపు కాలువ యొకటి యుండి, ప్రేరణ ఒక దారిని దిగి మరియొక దారిని ఎక్కుచు గానుగెద్దువలె తిరిగినచో, గుండె పరుగెత్తును. మన రైతుది ఇట్టిదే. పై గదులు క్రమమే లేక అదరుట మరియొకటి. క్రింది గదులే అట్లు అదరిపోవుట అన్నిటికన్న ఘోరమైనది. దానిని గురించి తరువాత చెప్పెదను.

మన వైద్యులు నాడి చూచుట ఎంత ప్రాచీనమో శ్రోతలకు చెప్పనక్కరలేదు. తెలుగునాట పేరుపొందిన బసవరాజీయమున నాడీపరీక్షకు గౌరవస్థానమున్నది. బొటనవ్రేలి మొదట రెండు వ్రేళ్ళు మోపినచో వేగము తెలియును, క్రమము తెలియును. నేటికిని ఇది పనికిరానిది కాదు. దడ వచ్చినపుడు ఇంటిలో నెవరైనను గడియారము ముందుంచుకొని ఒక నిమిషము నాడి లెక్కించి, ఆ అంకెను, ఆ వేళను వ్రాసి పెట్టినచో వైద్యునకెంతో మేలు. తెలివిగల వైద్యులు రోగిని, "నీ గుండె ఎట్లు కొట్టుకొన్నదో బల్లమీద వ్రేలితో కొట్టి చూపుము" అని అడుగుదురు. దెబ్బలు వడిగా, సమముగా పడినవా, లేక చిందరవందరగా పడినవా యన్నది ఆ బల్లమీది చప్పుడే సగము చెప్పివేయును.

కాని నాడి సగమే చెప్పగలదు. ఈ మాట రుజువగుటకు హైదరాబాదే ఒకప్పుడు వేదికయైనది. 19వ శతాబ్దమున శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫారము వాసన చూపించెడివారు. వేలమంది దానివలన బాధ లేక బయటపడిరి. కాని అప్పుడప్పుడొక ఆరోగ్యవంతుడు, కత్తి తగిలినంతనే బల్లమీద హఠాత్తుగా మరణించెడివాడు. ఆగునది ఊపిరా, గుండెయా? హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ, ఊపిరియే ముందాగునని నమ్మినవాడు. ఆయన 1888లో ఇచటనే ఒక కమిషను నేర్పాటు చేసి కుక్కలపై ప్రయోగములు చేయించెను. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని అంగీకరింపలేదు. అంతట నిజాము మహబూబ్ అలీఖాన్, ఆ పత్రికయే తన ప్రతినిధిని పంపుటకు 1000 పౌండ్లు ఇచ్చెను. లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు సముద్రము దాటి వచ్చెను. 1889లో రెండవ కమిషను 400కు పైగా జంతువులపై ప్రయోగించి తీర్పు చెప్పినది: ముందాగునది ఊపిరియే, మత్తు ఇచ్చువాడు ఊపిరిని కనిపెట్టిన చాలును, నాడిని చూడనక్కరలేదు.

ఆ తీర్పు పొరపాటు. అదే 1889లో స్కాట్లండులో మాక్‌విలియం అను శాస్త్రజ్ఞుడు, మనుష్యులలో హఠాన్మరణమునకు జఠరికలు అదరిపోవుటయే కారణము కావచ్చునని వ్రాసెను. ఎవరును చెవిని పెట్టలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగించి, క్లోరోఫారము మత్తు తేలికగా నున్నప్పుడే, రోగి బెదరినప్పుడే, జఠరికలు అట్లు అదరి గుండె పడిపోవుచున్నదని చూపించెను. హైదరాబాదులో కష్టపడి పనిచేసినవారు మూర్ఖులు కారు. వారు ఎక్కువగా చూచినది లోతైన మత్తును. తేలిక మత్తులో మెరుపువలె వచ్చి ప్రాణము తీయు ఆ లయభంగము వారి కంట పడలేదు. కంటపడినను దానిని కాగితముపై వ్రాసి యుంచు యంత్రము అప్పటికి లేదు. ఆ లోపమునకు మూల్యము చెల్లించినవారు శస్త్రచికిత్స బల్లమీద పరుండినవారు.

ఆ యంత్రమును 20వ శతాబ్దపు ఆరంభమున హాలండు దేశమందలి లైడెను నగరమున ఐంథోవెన్ నిర్మించెను. అది రెండు గదులు నిండెడిది. నడుపుటకు అయిదుగురు కావలసి వచ్చెడిది. దానినిగూర్చి నాకు మిక్కిలి నచ్చిన సంగతి ఒకటున్నది. ఆ బరువైన యంత్రము కడకు రోగులను తెచ్చుట కష్టమై, ఐంథోవెన్ 1905లో ఒకటిన్నర కిలోమీటరు దూరమున నున్న ఆసుపత్రినుండి టెలిఫోను తీగె ద్వారా గుండె గీతలను తన ప్రయోగశాలకు రప్పించుకొనెను. రోగి ఉన్నచోటనే గీత తీసి, వైద్యుడున్నచోటికి పంపుట యన్నమాట. 1924లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

నేటి ఇ. సి. జి. యంత్రము చంకన పెట్టుకొని పోదగినది. ఎదపై ఆరు, కాళ్ళకు చేతులకు నాలుగు తీగెలు తగిలించి, పది సెకనుల గుండె నడకను పన్నెండు కోణములనుండి గీయును. కాగితము సెకనుకు 25 మిల్లీమీటర్లు నడచును. కనుక దానిమీది పెద్ద గడి యొక్కొక్కటి సెకనులో అయిదవ వంతు. రెండు దెబ్బల నడుమ ఎన్ని పెద్ద గడులున్నవో చూచి 300ను ఆ సంఖ్యచే భాగించినచో నిమిషమునకెన్ని దెబ్బలో తెలియును. అయిదు గడులున్న 60. ఒకటిన్నర గడియే యున్న 200. ఆ గీతల పొందికనుబట్టి, దోషము పై గదులలోనిదా, నీరటి కడదా, క్రింది గదులలోనిదా యని వైద్యుడు చెప్పగలడు. సూది లేదు, నొప్పి లేదు.

అయితే ఆ పది సెకనులు ఎప్పటివి? ప్రశ్న అదియే. దడ పోయిన తరువాత పెద్ద ఆసుపత్రిలో తీసిన ఇరువది ఇ. సి. జి.లకన్న, దడ ఉన్నప్పుడు మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో చిన్న వైద్యశాలలో తీసిన ఒక్క ముక్క విలువైనది. కనుక గుండెదడ మొదలైనవారు ముందు చేయవలసినది పట్నము దారి పట్టుట కాదు; ఇ. సి. జి. యంత్రమున్న సమీప వైద్యశాలకు పోవుట. ప్రభుత్వ వైద్యశాలయైన నేమి, ప్రైవేటుదైన నేమి? "ఇప్పుడే దడగా నున్నది, చీటీ తరువాత వ్రాయుదురు గాక, ముందు ఇ. సి. జి. తీయుడు" అని అడుగవలెను. అడుగుటకు మొగమాటపడరాదు. ఎదలో నొప్పి, ఊపిరాడకుండుట, కన్నులు చీకట్లు క్రమ్ముట, సొమ్మసిల్లుట వీనిలో ఏ ఒక్కటి తోడైనను ఆటో, స్కూటరు పనికిరావు. 108కి ఫోను చేయవలెను.

తీసిన కాగితమును గూర్చి కూడ చెప్పవలసి యున్నది, ఏలయన ఎందరో దానిని పోగొట్టుకొందురు. ఆ కాగితము వేడికి నల్లబడు జాతిది. వాహనపు అద్దము ముందు ఎండలో పెట్టినను, భద్రమనుకొని వేడియంత్రముతో ప్లాస్టికు అతికించినను పాడగును. ఏమియు చేయకున్నను కొన్ని ఏండ్లకు గీతలు వెలిసిపోవును. కావున ఆ దినముననే జిరాక్సు తీయించి పెట్టుకొనవలెను. చేతి ఫోనులో ఫొటో తీసికొనుట మరింత మేలు. ఈ రోజులలో కొన్ని చేతి గడియారములు కూడ ఒక్క కోణమునుండి గుండె గీతను తీయగలుగుచున్నవి. అది పన్నెండు కోణములకు సాటి రాదు. అయినను దొంగను చూచినట్లు ఒక సాక్షి చెప్పినంత విలువ దానికున్నది.

అన్ని లయవ్యాధులును ఇట్లు పారిపోవునవి కావు. పై గదుల అదురుపాటు, అనగా కర్ణికల కంపనము, తిష్ఠవేసికొని కూర్చుండును. చాలమందికి అది యున్నట్లే తెలియదు. అదరు గదిలో నెత్తురు నిలువ యుండి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము. కంపనము లేనివారికన్న ఉన్నవారికి పక్షవాతపు భయము సుమారు అయిదు రెట్లు. ధనిక దేశములలో ఇది వృద్ధులకు వచ్చునది. మన దేశమున ముప్పదియేండ్ల యువతులకును వచ్చుచున్నది. కారణము చిన్ననాటి గొంతునొప్పి. ఆ గొంతునొప్పి వెంట కీళ్ళవాతపు జ్వరము వచ్చి, అది కీళ్ళను నాకి గుండె కవాటమును కరచునని వైద్యులు చెప్పుకొను సామెత. కవాటము ఇరుకై పై గది ఉబ్బి, చివరకు అదరనారంభించును. కీళ్ళవాతపు జ్వరము వచ్చిన పిల్లలకు మూడు వారములకొకమారు పెన్సిలిన్ సూది, సంవత్సరముల తరబడి, తప్పకుండ వేయించుట ఇందుకే. పిల్ల బాగున్నది గదా యని మానివేయు తల్లిదండ్రులను చూచునప్పుడు కలుగు బాధ ఇంతంత కాదు.

ఇట్టి కంపనము గలవారికి నెత్తురు గడ్డకట్టకుండ వార్‌ఫరిన్, అసెనోకుమరాల్ వంటి మాత్రల నిత్తురు. మోతాదు తగ్గిన పక్షవాతము, హెచ్చిన రక్తస్రావము. కనుక తరచు రక్తపరీక్ష చేయించుకొని, ఐ. ఎన్. ఆర్. అను అంకెను సామాన్యముగా 2కును 3కును నడుమ నిలుపవలెను. పరీక్ష అవసరములేని క్రొత్త మాత్రలు వచ్చినవి. కాని కీళ్ళవాతపు కవాటవ్యాధి గలవారికి పాత మాత్రలే మేలని 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరిశోధన తేల్చినది. ఆకుకూరల సంగతి తరచు అడుగుదురు. పాలకూర, తోటకూర, గోంగూరలలోని కె విటమిను ఈ మాత్రల బలమును తగ్గించును. అంతమాత్రమున ఆకుకూరలు మానవలసిన పనిలేదు. ఒక వారమంతయు మాని మరుసటి వారము మూడు పూటలు తినుట మాత్రము కూడదు. ఎప్పుడును ఒకే పాళముగా తినువానికి మాత్ర మోతాదు దానికి తగినట్లు కుదురును. ఒంటి నొప్పులకని మందుల దుకాణములో నడిగి కొను మాత్రలు అంతకంటె ప్రమాదకరములు.

గుండె నిదానించువారి కథ వేరు. ముసలివారు నిలుచున్నచోట హఠాత్తుగా కూలి, మరుక్షణము లేచి కూర్చుండి, "ఏమైనది?" అని అడుగుదురు. కాలు జారినదనుకొందురు. నాడి చూచిన నిమిషమునకు 35 ఉండును. నీరటి దారి మూసుకొన్నదన్నమాట. దీనికి మందు లేదు, యంత్రమున్నది. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోములో ఆర్నె లార్సన్ అను నతనికి సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు, ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు నిర్మించిన పేస్‌మేకరును ఒంటిలో అమర్చెను. మొదటి యంత్రము కొన్ని గంటలకే ఆగిపోయినది. లార్సన్ మాత్రము యంత్రము మీద యంత్రము మార్పించుకొనుచు, ఆ వైద్యునికన్నను ఆ ఇంజనీరుకన్నను ఎక్కువ కాలము, 2001 వరకు జీవించెను. నేటి యంత్రము అగ్గిపెట్టె కన్న చిన్నది. మెడయెముక క్రింద చర్మము లోపల కూర్చుండి పదేండ్లకు అటునిటుగా పనిచేయును. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమున దీనిని అమర్చుటయు చేరినందున, బీద కుటుంబములకు కొంత ఆసరా కలిగినది. ఇష్టములేకున్నను ఒక మాట చెప్పుట అవసరము: పేస్‌మేకరు గలవారు గతించినపుడు దహనమునకు ముందు దానిని వైద్యునిచే తీయించవలెను. చితి వేడికి అందలి బ్యాటరీ ప్రేలును.

క్రింది గదులనుండి పుట్టు వేగమును వైద్యులు ఎక్కువ జాగ్రత్తతో చూతురు. పూర్వము గుండెపోటు వచ్చి కండరమున మచ్చపడినవారికి ఇది తరచు వచ్చును. అట్టి మచ్చలేని కొందరికి ఏల వచ్చుచున్నదని వెదకి, హైదరాబాదు కేర్ ఆసుపత్రిలో డాక్టరు నరసింహన్ మొదలగువారు 2011లో ఒక సంగతి ప్రకటించిరి. కొందరి గుండె కండరములోను, ఎదలోని గ్రంథులలోను క్షయవలన గాని, సార్కాయిడోసిస్ అను వ్యాధివలన గాని వాపు గడ్డలుండి, అవియే లయను చెరచుచున్నవి. అట్టివారికి గుండె మందులతో బాటు ఆ మూలవ్యాధికి చికిత్స చేయవలసి యున్నది. క్షయ ఇంతగా నున్న మన దేశములో, లయ తప్పిన గుండెను చూచునపుడు ఊపిరితిత్తుల గ్రంథులను కూడ చూడవలెనని ఇందువలన తెలిసినది.

ఇక జఠరికలు అదరిపోవుట. నాడి ఉండదు, పది, పదునైదు సెకనులలో స్పృహ పోవును. ఇచట ఆసుపత్రి దూరమును లెక్కించి ప్రయోజనము లేదు, ఏలయన నిమిషమొక్కటి గడచినకొలది బ్రతుకు ఆశ నూటికి 7 నుండి 10 పాళ్ళు తగ్గిపోవును. ప్రక్కనున్నవాడే వైద్యుడు. 108కి ఫోను చేయించి, ఎదయెముక నడుమ రెండు చేతులు ఒకదానిపై నొకటి మోపి, నిమిషమునకు 100 నుండి 120 మార్లు, రెండంగుళముల లోతున గట్టిగా నొక్కవలెను. విద్యుత్తాఘాతము నిచ్చు యంత్రము వచ్చువరకు ఆపరాదు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది. దాని పెద్ద ప్రాంగణము మేడ్చల్ రోడ్డున, శామీర్‌పేట మండలములో ఉండిన దేవరయాంజాలులో వెలసినది. 2023 మార్చిలో ఎదనొక్కు ఈ ప్రక్రియను తెలంగాణ ప్రజలకు నేర్పు కార్యక్రమమును ప్రభుత్వము ఆ ప్రాంగణముననే ఆరంభించెను. కార్ఖానాలు, గోదాములు, కళాశాలలు ఇంత దట్టముగా పెరిగిన ఈ దారుల వెంట, ప్రతి కార్ఖానాలో ఇరువురికైనను ఇది వచ్చియుండుట భారము కాదు.

మన రైతును గట్టుమీదనే విడిచి వచ్చితిమి. దడ రెండు మూడు దినములకొకమారు వచ్చునదైనచో వైద్యులు హోల్టర్ యంత్రమును నడుమునకు కట్టి 24 లేక 48 గంటల గీతను తీయుదురు. దానిని కనిపెట్టిన నార్మన్ హోల్టర్ మొదటి యంత్రమును వీపున మోయవలసి వచ్చెను. బరువు 38 కిలోలు. ఇప్పుడది జేబులో ఇమిడిపోవును. ఏడాదికి రెండు మార్లు వచ్చి సొమ్మసిల్లజేయు దడకు, సగము పెన్సిలు ముక్కకన్న చిన్నదైన యంత్రమును చర్మము క్రింద మూడేండ్లపాటు ఉంచుదురు. మన రైతునకు నాలుగు మాసములకొకమారు వచ్చుచున్నది గనుక హోల్టర్ వలన లాభము లేదు. అతనికి పనికివచ్చునది సమీపమున నున్న ఇ. సి. జి. యంత్రమే.

నాలుగవమారు దడ వచ్చినపుడు ఎవరో చెప్పగా విని, అతడు పట్నము పోలేదు. పది నిమిషములలో దగ్గరి వైద్యశాలలో బల్లమీద పరుండెను. గీత వచ్చినది: నిమిషమునకు 190, సమముగా, సన్నగా. అచటి వైద్యుడు అతనిచేత సూదిలేని సిరంజి గొట్టములోనికి పదునైదు సెకనులు గట్టిగా ఊదించి, వెంటనే వెల్లకిల పరుండబెట్టి కాళ్ళు పైకెత్తించెను. ఇట్లు ఊదించి కాళ్ళెత్తించినచో నూటికి 43 మందికి దడ ఆగినదని 2015లో ఒక పరిశోధన చూపినది. కాళ్ళెత్తని పాత పద్ధతిలో ఆగినది 17 మందికే. మన రైతునకు ఆగలేదు. అప్పుడు అడెనోసిన్ అను మందును సిరలోనికి వేగముగా ఎక్కించిరి. అది నీరటిని కొన్ని సెకనులు నిద్రపుచ్చును. ఆ కొన్ని సెకనులు ప్రాణము పోయినట్లే తోచును. ముందుగా చెప్పని వైద్యుడు రోగిచేత జన్మమంతయు శాపములు తినును. మరుక్షణమున గుండె 80కి దిగినది.

ఆ గీతను చూచిన పట్నపు నిపుణుడు ఒక్క నిమిషములో రోగము పేరు చెప్పెను. రెండు వారములకు తొడమొదటి సిరగుండ సన్నని తీగెలను గుండెలోనికి పంపి, అదనపు దారి ఎచటనున్నదో లోపలినుండియే విని, ఆ చోటును తీగె మొనతో 50 డిగ్రీలు దాటిన వేడిమికి గురిచేసి మూసివేసిరి. ఎద కోయలేదు, తొడకడ సూదిపోటంత గాయమే. ఇట్టి దడలో నూటికి 95 మందికి ఇంతటితో జీవితాంతము విడుదల కలుగును. నీరటి మార్గమే దెబ్బతిని పేస్‌మేకరు అవసరమగుట నూటికి ఒకరికన్న తక్కువమందికి. ఆ సంగతిని చికిత్సకు ముందే చెప్పి సంతకము పెట్టించుకొందురు. మూడవనాడు అతడు ఇంటికి వచ్చెను.

తాయెత్తు ఇంకను ఉన్నది, ఇల్లాలు విప్పనీయలేదు. ఇ. సి. జి. జిరాక్సు ప్రతి పట్టాదారు పాసుపుస్తకము నడుమ మడిచి పెట్టియున్నది. అసలు కాగితముమీది గీతలు అప్పుడే సగము వెలిసినవి.